ఉచిత పాలడబ్బా, ఉచిత యుద్ధనౌక



గత వేసవి సెలవులలో ఒకనాటి రాత్రి మూడు గంటలవేళ మంచినీళ్ల కోసం లేచాను. హాలులో దీపం లేదు గాని ఫోను వెలుగు కనిపించింది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పరీక్షలు వ్రాసి మా ఇంటికి వచ్చిన మనవడు సోఫాలో మేలుకొని కూర్చున్నాడు. "ఇంత రాత్రివేళ ఏమిటిరా?" అని అడిగాను. "మూడింటికి రక్షణ కవచం పోతుంది తాతయ్యా. నేను చూసుకోకపోతే నా ఓడలన్నీ కాల్చేస్తారు" అన్నాడు, తెర మీదనుంచి కళ్లు తిప్పకుండానే.

అంతరిక్ష నౌకలను భాగం భాగంగా నిర్మించుకొని, ఇతరుల నౌకలతో యుద్ధం చేసే ఆట అది. ప్రవేశానికి రుసుము లేదు. మరునాడు వాళ్ల నాయనమ్మ ఫోనులో యూపీఐ చెల్లింపులు చూస్తే, రెండు నెలల్లో 6,400 రూపాయలు ఆ ఆటకు వెళ్లాయి. ఒక్కటీ పెద్ద మొత్తం కాదు. 89, 159, 299 ఇలా చిల్లరగా కరిగిపోయాయి. నేను కోప్పడలేదు. "ఉచితం అన్నావు కదా నాన్నా, మరి ఈ డబ్బు దేనికి?" అని మాత్రం అడిగాను. వాడు చెప్పిన సమాధానం వైద్యుడిగా నన్ను ఇంకా వెంటాడుతోంది.

"ఆట ఉచితమే తాతయ్యా. ఎదురుచూడకుండా ఉండడానికే డబ్బు."

ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానం.

రోగి మాట వినని వైద్యం

వీడియో ఆటల గురించి మన సమాజంలో రెండు వర్గాలు వాదించుకుంటున్నాయి. ఒక వర్గానికి ఆటలన్నీ విషమే, ఫోను లాక్కుంటే జబ్బు నయమవుతుంది. నా సహ వైద్యులలో చాలామంది ఈ వర్గమే. రెండవ వర్గానికి ఇది కాలక్షేపం, పైగా ఉచితం, దానికింత రాద్ధాంతం దేనికని విసుగు. ఈ రెండు వర్గాలూ చేయని పని ఒకటుంది. ఆడేవాడిని అడగరు.

మా గురువులు మొదటి సంవత్సరంలోనే నేర్పిన పాఠం, స్టెతస్కోపు పెట్టడానికి ముందు రోగి వృత్తాంతం వినమని. ముప్పై మూడేళ్ల ప్రభుత్వ సేవలో ఆ పాఠం మరచిన ప్రతిసారీ పొరపాటు చేశాను. అందుచేత ఈసారి ముందు విన్నాను. మనవడిని, వాడి స్నేహితులను, ఇలాంటి ఆటలు ఏళ్ల తరబడి ఆడిన యువకులను కూర్చోబెట్టి అడిగాను. ఆటను వాళ్లు సమర్థిస్తారని అనుకున్నాను. తీరా వింటే, ఆ ఆటలను నాకంటే ఘాటుగా వాళ్లే తిట్టారు.

వాళ్ల ఫిర్యాదులు మూడు. ఒకటి, నౌక తయారు కావడానికి గంటలు, రోజులు ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. రెండు, నేర్పు ఉన్నవాడిని డబ్బు ఉన్నవాడు ఓడిస్తాడు. మూడు, ఒక పూట లేకపోతే నెలల శ్రమ బూడిదవుతుంది. ఇంతా చెప్పి, అందరూ ఆడుతూనే ఉన్నారు. బీడీ మంచిది కాదని నాకు చెప్పని బీడీ రోగిని నేను ఇంతవరకు చూడలేదు. తెలిసీ మానలేకపోవడమే మేము వెదికే లక్షణం.

ఐస్‌లాండ్ పాఠం

ఈ ఫిర్యాదులు మన ఊరి పిల్లలవి మాత్రమే కావు. ఈ రకం ఆటలలో ప్రపంచ ప్రసిద్ధమైనది ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోని సీసీపీ గేమ్స్ సంస్థ దానిని 2003 మే నెలలో విడుదల చేసింది. అందులో ఆటగాళ్లు గ్రహశకలాల నుంచి ఖనిజం తవ్వుతారు, నౌకలు నిర్మిస్తారు, బేరసారాలు చేస్తారు, కూటములు కట్టి యుద్ధాలు చేస్తారు. పోయిన నౌక పోయినట్లే. నష్టాన్ని భరించలేని నౌకను నడపవద్దన్నది అక్కడి ఆటగాళ్ల నానుడి.

ఆ ఆట చరిత్రలో 2011 వేసవి నాటి ఘట్టం ప్రతి తల్లిదండ్రీ తెలుసుకోదగినది. అప్పటికి అది నెల చందాతో నడిచే ఆట. జూన్‌లో సంస్థ అలంకార వస్తువుల దుకాణం తెరిచింది. అందులో ఒక ఒంటికంటి అద్దం ధర 60 డాలర్లకు పైమాటే. అది తెర మీది బొమ్మకు పెట్టే అద్దం! అదే సమయంలో సంస్థ అంతర్గత పత్రిక ఒకటి బయటపడింది. దురాశ మంచిదేనా అన్న ప్రశ్న దాని శీర్షిక. అలంకారంతో ఆగక, యుద్ధంలో పైచేయినిచ్చే వస్తువులనూ అమ్మే ఆలోచన అందులో చర్చకు వచ్చింది. ఆటగాళ్లు భగ్గుమన్నారు. ఆటలోని వాణిజ్య కేంద్రమైన జీటాలో వేలాదిగా గుమిగూడి, అక్కడి స్మారక స్తంభంపై తమ నౌకలతో కాల్పులు జరిపి నిరసన తెలిపారు. చందాలు రద్దు చేసుకున్నారు.

ఆ ఆటకు ఒక విశేషముంది. 2008 నుంచి ఆటగాళ్లు ఓటు వేసి తమ ప్రతినిధుల మండలిని ఎన్నుకుంటారు. సంస్థ ఆ మండలిని హుటాహుటిన రేక్యవిక్‌కు పిలిపించి చర్చించింది. అక్టోబరులో సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

ఆటగాళ్ల అభిప్రాయానికి ఉన్న బలం అది. అయితే కథ అక్కడ ముగియలేదు. 2016 ఫిబ్రవరిలో ఒకరి నైపుణ్య పాయింట్లను తీసి మరొకరికి అమ్ముకునే ఏర్పాటు వచ్చింది. నిజమైన డబ్బుతో కొన్న ప్లెక్స్ అనే టోకెన్లను ఆటలోని నాణెంగా మార్చుకొని, వాటిని కొనుక్కోవచ్చు. అదే ఏడాది నవంబరులో ఉచిత ప్రవేశం వచ్చింది. ఉచిత ఆటగాడికి కొన్ని నౌకలే అందుబాటులో ఉంటాయి. నైపుణ్యాలు అభ్యసించే వేగమూ చందాదారుడి వేగంలో సగమే. 2022 మే నెలలో నెల చందా 14.95 డాలర్ల నుంచి 19.99 డాలర్లకు పెరిగింది.

ఆ వరుసను మరొకసారి చూడండి. ముందు వేగం సరుకైంది, తరువాత వాకిలి ఉచితమైంది, ఆపైన చందా పెరిగింది. ఈ అమరికను ఒక నేరంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. ఆ సంస్థ తన ధరలను బహిరంగంగానే ప్రకటించింది. నేను చెప్పదలచినది, వాకిలి తెరిచి ఉన్నంతమాత్రాన ఇల్లు ఉచితం కాదని.

ప్రసూతి వార్డులో నేను చూసినది

ఈ కిటుకు నాకు కొత్త కాదు. 1970ల చివర నేను పనిచేసిన ఆస్పత్రి ప్రసూతి వార్డులకు పాలపొడి డబ్బాలు నమూనాలుగా వచ్చేవి. బాలింతకు ఒక డబ్బా, ఉచితం. దాత ముఖంలో చిరునవ్వు, తల్లి ముఖంలో కృతజ్ఞత. బిడ్డ చీకినకొద్దీ తల్లికి పాలు పడతాయి, చీకడం తగ్గితే పాలూ తగ్గుతాయి. శరీరధర్మం అంతే. డబ్బా పూర్తయ్యేనాటికి తల్లిపాలు సన్నగిల్లేవి. రెండవ డబ్బా ఉచితం కాదు. కూలికి వెళ్లే తల్లి దానిని కొనలేక, ఉన్న పొడిలో నీళ్లు ఎక్కువ కలిపి పట్టేది. ఆ పిల్లలు విరేచనాలతో, ఎముకల గూడులా మా దగ్గరకు తిరిగి వచ్చేవారు. అందరూ తిరిగి ఇంటికి వెళ్లలేదు.

ఆ డబ్బాలో విషం లేదు. తల్లిలేని బిడ్డకు అది ప్రాణాధారం కూడా. హాని పాలపొడిలో కాదు, ఉచితం అన్న మాటలో ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సభ 1981లో ఆ వ్యాపార పద్ధతిపై నియమావళిని ఆమోదించింది. మన దేశం 1992లో శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం చేసి ఉచిత నమూనాల పంపకాన్ని నిషేధించింది. పాలపొడి అమ్మకాన్ని నిషేధించలేదు. ఈ తేడాను గుర్తుంచుకోండి, నా వాదనంతా దాని మీదే నిలిచి ఉన్నది.

ఉచిత యుద్ధనౌక కూడా ఆ మొదటి డబ్బాయే. తొలి వారం నౌకలు నిమిషాలలో తయారవుతాయి, గెలుపులు వరుసకట్టి వస్తాయి. పిల్లవాడి సహజమైన ఓర్పు, చిన్న విషయాలలో ఆనందించే శక్తి మెల్లగా సన్నగిల్లుతాయి. అప్పుడు నిరీక్షణ గంటలలోకి, రోజులలోకి పెరుగుతుంది. ఆకలిని తామే పుట్టించి, అన్నం తామే అమ్ముతారు.

జబ్బును గంటలతో కొలవకండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పులో ఆటల వ్యసనాన్ని రుగ్మతగా చేర్చింది. అది 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్నది. ఆ నిర్వచనంలో రోజుకు ఇన్ని గంటలని ఎక్కడా లేదు. ఆట మీద అదుపు తప్పడం, తక్కిన పనులన్నిటికంటే ఆటకే ప్రాధాన్యం, నష్టం కనబడుతున్నా కొనసాగించడం ముఖ్య లక్షణాలు. చదువు, ఉద్యోగం, కుటుంబ జీవితం గణనీయంగా దెబ్బతినాలి. సాధారణంగా ఈ స్థితి 12 నెలలు కొనసాగాలి. అంటే ఆడే పిల్లలందరూ రోగులు కారు. నా మనవడూ రోగి కాడు, రోగం వైపు తోయబడుతున్న పిల్లవాడు.

తోస్తున్నది ఏమిటో తెలియాలంటే మళ్లీ ఆటగాళ్లనే వినాలి. నేను లేకపోతే కాల్చేస్తారన్న భయం చూడండి. ఈవ్ ఆటలో 2014 జనవరి 27న మొదలైన ఒక మహాయుద్ధం సుమారు 21 గంటలు సాగింది. 7,500 మందికి పైగా పాల్గొన్నారు. 75 అతిపెద్ద నౌకలు ధ్వంసమయ్యాయి. నష్టం విలువ మూడు లక్షల డాలర్లని అంచనా వేశారు. ఒక స్థావరానికి కట్టవలసిన సుంకం గడువులోగా చెల్లింపు కాకపోవడమే దానికి నాంది. ఆ ఆటగాళ్లకు అదొక వీరగాథ. వైద్యుడిగా నాకు దానిలో వినిపించేది వేరు. ఏమరుపాటుకు ఇంత మూల్యం ఉండే లోకంలో పదహారేళ్ల పిల్లవాడు నిశ్చింతగా ఎలా నిద్రపోతాడు? ఎదిగే వయసులో నిద్ర కత్తిరించినవాడు ఏకాగ్రతను, జ్ఞాపకశక్తిని, మనసు నిలకడను కత్తిరించినట్లే.

న్యాయంగా మరొక మాట చెప్పాలి. ఆ ఈవ్ ఆటగాళ్లే 2016లో మానవ కణాలలోని ప్రోటీన్ల చిత్రాలను, 2020లో కోవిడ్ పరిశోధనకు రక్తకణాల సమాచారాన్ని వర్గీకరించి శాస్త్రవేత్తలకు తోడ్పడ్డారు. ఆట ఆడే మెదడు పనికిరాని మెదడు కాదు. అందుకే ఆటను నిషేధించమని నేను అడగను.

చట్టం చూడని మూల

2025 ఆగస్టులో మన పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది. డబ్బు పణంగా పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలను అది నిషేధించింది. సంతోషమే. కాని డబ్బు గెలిచే ఆశే లేని ఆటలు ఆ నిషేధం పరిధిలోకి రావు. దీని అర్థమేమిటి? డబ్బు తిరిగి వచ్చే అవకాశం రవ్వంత ఉన్న చోట నేరం. పోవడమే తప్ప రావడం లేని చోట వినోదం! నాయనమ్మ ఖాతా నుంచి పోయిన 6,400 రూపాయలు ఈ రెండవ కోవలోనివి.

చైనా 2021లో మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు దినాలలో రాత్రి 8 నుంచి 9 వరకు మాత్రమే ఆన్‌లైన్ ఆటలని కట్టడి చేసింది. అదీ నాకు సమ్మతం కాదు. గంటలు లెక్కపెట్టే మందు అది, కిటుకును ముట్టుకోదు.

నేను కోరేవి నాలుగే. మైనర్లకు అందే ఆటలలో ఉచితం అన్న మాట పక్కనే, మధ్యరకం ఆటగాడు ఏడాదిలో పెట్టే ఖర్చు ఎంతో పెద్ద అక్షరాలతో చూపాలి. మైనరు ఖాతాకు నెలసరి ఖర్చుకు చట్టబద్ధమైన హద్దు ఉండాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైనరు నౌకలపై ఎవరూ దాడి చేయలేని ఏర్పాటు ఉండాలి. ఎదురుచూపును తగ్గించే సరుకును మైనర్లకు అమ్మరాదు. వీటిలో ఒక్కటీ ఆటను చంపదు. ఎవరి వ్యాపారమైనా వీటితో కూలిపోతే, ఆ వ్యాపారం దేని మీద నిలబడిందో తేలిపోతుంది.

తల్లిదండ్రులకు

ఫోను లాక్కోకండి. పిల్లవాడి పక్కన కూర్చొని ఆ ఆటలో నీకు నచ్చనిదేమిటని అడగండి. వాడే మీకు రోగ నిర్ధారణ చెబుతాడు. చెల్లింపుల పిన్ను పిల్లలకు తెలియనివ్వకండి. రాత్రి ఫోను పడకగదిలో కాక హాలులో ఛార్జింగుకు పెట్టండి, ముందు మీది పెట్టండి. చదువు, నిద్ర, తిండి మూడూ దెబ్బతింటుంటే ఆలస్యం చేయవద్దు. టెలీ మానస్ సహాయవాణి నంబరు 14416, అన్ని వేళలా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. దానికి రుసుము లేదు. ఇది మాత్రం నిజంగానే ఉచితం.

మా మనవడు ఆట మానలేదు, చెల్లింపులు మానాడు. "ఇప్పుడు ప్రతిసారీ ఓడిపోతున్నాను తాతయ్యా" అని మొన్న ఫోనులో చెప్పాడు. "రాత్రి నిద్రపోతున్నావా?" అని అడిగాను. పోతున్నానన్నాడు. ఓడితే ఓడనీ.