ఎముకయు, ఊహయు

కంటితో చూచినదానిని చిత్రించుట ఒక విద్య. ఏ మానవుడును చూచి యెరుగని జంతువును చిత్రించుట మరియొక విద్య. మానవుడు పుట్టుటకు కోట్లకొలది సంవత్సరములకు పూర్వమే నశించిన రాక్షసిబల్లుల బొమ్మలు నేడు పుస్తకములలోను, ప్రదర్శనశాలలలోను, చలనచిత్రములలోను కానవచ్చుచున్నవి. వాని చర్మపు ముడుతలు, కన్నుల రంగు సైతము అందు చూపబడుచున్నవి. బాలుడు వానిని చూచి, ఆ జంతువు ఇట్లే యుండెనని నమ్మును. కొన్నాళ్లకు ఆ బొమ్మ మారినదని విని, “అయినచో మొదట చూపినది అబద్ధమే కదా!” అని అడుగును. ఈ ప్రశ్న సహేతుకమైనది. దీనికి సమాధానము చెప్పవలసిన బాధ్యత పెద్దలపై కలదు.

ప్రాచీన తార్కికులు ప్రత్యక్షమును, అనుమానమును వేరుపరచి చెప్పిరి. కొండపై పొగ కనబడుట ప్రత్యక్షము. ఆ పొగనుబట్టి అచట నిప్పు కలదని నిశ్చయించుట అనుమానము. శిలాజముల విషయమునను ఇట్లే. చచ్చిన జంతువు ఒండ్రుమట్టిలో పూడిపోగా, మెత్తని మాంసము కుళ్లి నశించును; గట్టివగు ఎముకలును, పండ్లును నిలుచును. నేలలోని నీటియందు కరిగియున్న ఖనిజములు వానిలోనికి ఇంకి, కాలక్రమమున వానిని రాతివలె మార్చును. ఆ రాతియెముక ప్రత్యక్షము. చిత్రకారుడు దానిపై కప్పిన కండ, చర్మము, రంగు అనుమానము. హేతువునకు ఎంత బలమో అనుమానమునకును అంతే బలము.

ఇగ్వానోడాన్ అను జంతువు వృత్తాంతము ఇందులకు మంచి నిదర్శనము. 1822 ప్రాంతమున ఇంగ్లండు దేశమందలి ససెక్స్ సీమలో గిడియన్ మాంటెల్ అను వైద్యునకు అరిగిన పెద్ద పండ్లు కొన్ని లభించెను. ఫ్రాన్సు దేశపు మహాపండితుడగు కువియే వానిని మొదట ఖడ్గమృగపు పండ్లని తలచెను. పిమ్మట తన పొరపాటును తానే ఒప్పుకొనెను. అవి ఇగ్వానా అను బల్లిజాతి ప్రాణి పండ్లను పోలియుండుటచే, మాంటెల్ 1825లో ఆ జంతువునకు “ఇగ్వానా పన్ను” అను అర్థముగల పేరు పెట్టెను. దాని ఎముకలలో కొమ్మువంటి మొన యొకటి యుండగా, దానిని ముక్కుమీద నిలిపిరి. 1854లో లండను నగరమందలి క్రిస్టల్ ప్యాలెస్ ఉద్యానమున శిల్పి వాటర్‌హౌస్ హాకిన్స్ ఆ జంతువును ముక్కుపై కొమ్ముతో, నాలుగు లావుపాటి కాళ్లతో భారీ విగ్రహముగా మలచెను.

1878లో బెల్జియము దేశమున బెర్నిసార్ అను గ్రామమందలి బొగ్గుగనిలో 322 మీటర్ల లోతున ఆ జాతి కంకాళములు ముప్పదికి పైగా బయల్పడెను. వానిలో పెక్కింటి ఎముకలు చెదరక యుండెను. అప్పుడు తెలిసినది: ఆ మొన ముక్కుది కాదు, చేతి బొటనవ్రేలిది! అయితే వానిని పరిశోధించిన లూయీ డోలో వానిని తోక నేలకానించి కంగారూవలె నిలువబెట్టెను. నూరేండ్ల పిమ్మట, 1980లో, డేవిడ్ నార్మన్ ఆ యెముకలనే మరల పరీక్షించెను. తోకను బిగించిన స్నాయువులు ఎముకవలె గట్టిపడి యుండుటచే, తోకను అట్లు వంచినచో విరుగునని తేలెను. ఆ జంతువు వీపును నేలకు సమాంతరముగా నుంచి నడచెడిదని నేటి నిశ్చయము.

మరి హాకిన్స్ అబద్ధము చెప్పెనా? చెప్పలేదు. తెలిసిన నిజమును దాచి వేరొకటి చెప్పుట అబద్ధము. ఆయన కాలమున దొరికిన ఎముకలు కొద్ది. ఆ కొద్దిపాటి ఎముకలనుబట్టి ఆయన యోచించెను. ఆ పొరపాటును దిద్దినది మరియొకరి ఊహ కాదు, నేలలోనుండి వెలికివచ్చిన ఎముకయే. ఆ విగ్రహములు నేటికిని అదే ఉద్యానమున నిలిచియున్నవి. డోలో నిలిపిన కంకాళములు బ్రస్సెల్సు ప్రదర్శనశాలలో పూర్వపు భంగిమలోనే యున్నవి. తమ తప్పుల ఆనవాళ్లను దాచిపెట్టక నలుగురికి చూపువారిని అబద్ధీకులనుట న్యాయము కాదు.

ఊహతో పని యేల, ఎముకలను మాత్రమే చూపరాదా యని కొందరు అడుగవచ్చును. బొమ్మ గీయవలసి వచ్చినప్పుడే, ఈ జంతువు ఎట్లు నిలిచెను, ఎట్లు నడచెను అను ప్రశ్నలు పుట్టును. బయటికి చెప్పని ఊహను దిద్దువారు ఉండరు. కావున బొమ్మలు ఉండవలెను. అయితే ఎముక యెంతవరకో, ఊహ యెంతవరకో చూపరులకు చెప్పియుండవలెను. ఇందులకు తెలుగునాటనే ఉదాహరణము కలదు. గోదావరి లోయలో యామనపల్లి గ్రామము వద్ద దొరికిన రాక్షసిబల్లికి 1988లో పి. యాదగిరి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణము చేసెను. దాని కంకాళము హైదరాబాదునందలి బిర్లా విజ్ఞానకేంద్రమున కలదు. కొద్ది పండ్లు తప్ప దాని పుర్రె లభింపలేదు. కనుక ఏ చిత్రమున దాని తల కనబడినను, అది బంధుజాతుల తలలను చూచి కూర్చినదే. ఈ సంగతి చిత్రము క్రింద ఒక్క పంక్తిలో వ్రాసిన బాలునకు మేలు కలుగును.

నేటి ఊహ రేపు ప్రత్యక్షమునకు చేరువ కావచ్చును. చైనా దేశమున దొరికిన సైనోసారోటెరిక్స్ అను చిన్న రాక్షసిబల్లి ఈకలవంటి నూగులో వర్ణకణముల గుర్తులు నిలిచియుండెను. వానిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, దాని తోకపై ఎర్రని, తెల్లని పట్టెలుండెనని 2010లో శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

విద్యార్థి రాక్షసిబల్లి బొమ్మను చూచినప్పుడు ఆనందింపవలెను, ఆ వెంటనే “ఇందు ఎముక ఏది? ఊహ ఏది?” అని అడుగవలెను. ఈ ప్రశ్న బొమ్మలతోనే ముగియదు. వార్తాపత్రికలో చదివినదానిని, పెద్దలవలన విన్నదానిని సైతము ఇట్లే విడదీసి చూచు అలవాటు బాల్యమున కలిగినచో, అది జీవితమంతయు తోడుండును.