గోల్ సెట్టింగ్ అంటే మైకులో అరిపించడం కాదు

వాట్సాప్ గుంపులో నాలుగు ముక్కలు రాస్తే నలభై బొటనవేళ్లు వచ్చి పడతాయి తప్ప ఎవరూ చదవరు. అందుకే ఇక్కడ పొడుగ్గా రాస్తున్నా.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే మన పిల్లలకు ఒకరోజు "గోల్ సెట్టింగ్" కార్యక్రమం పెట్టాలని కమిటీ అనుకుంటోంది. బెంగళూరు నుంచి వక్త, కల్యాణమండపం, భోజనాలు, పిల్లలందరికీ టోపీలు. వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడతారట. ఆ రోజు నేను చెయ్యెత్తను. ఎందుకో ముందే చెప్పడం మర్యాద.

ఇలాంటి సభల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఏమవుతావని వక్త అడుగుతాడు. పిల్లలు కలెక్టరు, డాక్టరు, ఇస్రో అంటారు. గట్టిగా చెప్పమంటాడు, గట్టిగా చెబుతారు. వెనక కూర్చున్న అమ్మానాన్నలు కళ్లు తుడుచుకుంటారు. పన్నెండేళ్ల పిల్ల కలెక్టరవుతాననడం గోల్ కాదండీ, వాళ్ల నాన్న కోరిక. రేపు పొద్దున లేచి దానికోసం ఏం చెయ్యాలో ఆ పిల్లకు తెలియదు. ఆ మాటకొస్తే వక్తకూ తెలియదు.

ఆ వయసు పిల్లకు గోల్ అంటే వచ్చే ఆదివారానికి తేలిపోయేది. కుప్పం బస్సు బోర్డు ఎవరినీ అడగకుండా చదవాలి. అవ్వ చెప్పే కత ఒకటి తెలుగులో అర పేజీ రాయాలి. అయిందో లేదో పిల్లకే తెలియాలి. కాకపోతే ఎందుకు కాలేదో చూసుకుని మళ్లీ పట్టాలి. అమెరికాలో బారీ జిమ్మర్‌మన్ అనే విద్యా మనస్తత్వవేత్త దీన్నే మూడు దశలుగా చెప్పాడు. ముందు ఆలోచించుకోవడం, చేస్తూ తనను తాను గమనించుకోవడం, అయ్యాక వెనక్కి తిరిగి చూసుకోవడం. మన సభలకు మొదటి దశలో సగం దాకానే ఓపిక. ఆ సగానికే టోపీలు.

ఇది మనకెందుకింత ముఖ్యమంటే, 2006లో తమిళనాడులో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున 2015-16కు పదో తరగతిని చేరింది. ఆ చట్టం మంచిచెడ్డల జోలికి ఇప్పుడు పోను, కోర్టుల్లో జరిగిన వాదనలు మీకు తెలిసినవే. తమిళం మన పిల్లలు నేర్చుకోవాల్సిందే, బాగా నేర్చుకుంటున్నారు కూడా. నేను చెప్పేది ఒకటే. మన ఆదివారం బడికి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి తెలుగుకు మార్కులు లేవు. రాకపోతే ఫెయిలు చేసేవాళ్లూ లేరు. గణితానికి మార్కుల కర్ర ఉంది, తెలుగుకు ఆ కర్ర కూడా లేదు. పిల్ల తనకై తాను అనుకుంటే తప్ప తెలుగు రాదు. ఐదో తరగతి దాకా అమ్మ చెయ్యి పట్టుకుని వస్తారు. ఆరుకొచ్చాక ట్యూషనంటారు, క్రికెట్టంటారు, మానేస్తారు. మన హాజరు పట్టీ తిరగేస్తే తెలుస్తుంది.

ఇంకో సంగతి. అందరికీ ఒకే పాఠం, ఒకే వేగం అని మనం నడుపుతున్నాం. తమిళంలో చదివే పిల్లకు క, ఖ, గ, ఘ నాలుగిటికీ బడిలో ఒకే అక్షరం. వత్తు కింద రాయడం కూడా అలవాటుండదు, అక్కడ పైన చుక్క పెట్టి పక్కన రాస్తారు. కాబట్టి ఆ పిల్ల 'ఖడ్గం' దగ్గర ఆగిపోతుంది. కన్నడ బడి పిల్లాడికి లిపి చూడగానే సగం వచ్చేస్తుంది, వాడు మూడో వారానికే విసుగెత్తి కిటికీలోంచి చూస్తుంటాడు. ఇద్దరికీ ఒకే గుణింతం వల్లె వేయిస్తే ఎవరికి లాభం? తాను ఎక్కడ ఆగిందో పిల్లే కనిపెట్టి చెప్పగలిగితే అయివారి పని సగం తీరుతుంది.

పిల్లలకు అంత తెలివి ఎక్కడిదని కొందరు పెద్దలు అంటున్నారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల అయివార్లు మన మదనపల్లి దగ్గరి రిషివ్యాలీకి వెళ్లి అక్కడి పద్ధతి నేర్చుకొచ్చారు. గోడకు నిచ్చెన బొమ్మ, మెట్టుమెట్టుకూ కార్డులు. పిల్ల తన మెట్టు చూసుకుని తన కార్డు తానే తీసుకుంటుంది. 2007 నాటికి రాష్ట్రమంతా సర్కారు బడుల్లో నాలుగో తరగతి దాకా అదే నడిచింది. ఇప్పుడు అదే రూపంలో లేదు గానీ, ఏడేళ్ల పిల్లలు చేసిన పని పన్నెండేళ్లవాళ్లకు చేతకాదంటే నేను నమ్మను. ఆ నిచ్చెన తెలుగు నేల మీద పుట్టింది, దాన్ని వాడుకోవడానికి మనకే సిగ్గా?

పిల్లలు తేలికైనవే ఎంచుకుంటారన్నది రెండో అభ్యంతరం. అవును, మొదటి నెల ఎంచుకుంటారు. ఎంచుకోనివ్వండి. కొందరు "పెద్ద బాలశిక్ష మొత్తం చదివేస్తా" అని కూడా రాస్తారు, అదింకా కష్టం. అక్కడే పెద్దవాళ్లు కావాలి. "ఈ వారానికి ఎన్ని పేజీలు? ఏ రోజు కూర్చుంటావు? ఆగిపోతే ఎవరినడుగుతావు?" ఈ మూడు ప్రశ్నలు అడిగి నోరు మూసుకునే పెద్దవాళ్లు. మనలో కొందరికి ఆ చివరిది కష్టమని తెలుసు.

పదిలో, పన్నెండులో మార్కులొచ్చినవాళ్లకు ఏటా శాలువా కప్పుతున్నాం, కప్పండి. ఆ వేదిక ఎక్కేలోపు మధ్యలో మూడేళ్లు పిల్లను పలకరించినవాళ్లెవరు?

నా ప్రతిపాదన ఇది. ఆ ఒకరోజు ఖర్చుతో పిల్లకొక వంద పేజీల నోటుబుక్కు కొనండి. ఎడమ పేజీలో ఈ వారం అనుకున్నది, కుడి పేజీలో జరిగింది, పిల్ల చేతిరాతలోనే. దానికి మార్కు వద్దు, ఎర్ర సిరా వద్దు, తల్లిదండ్రుల గుంపులో ఫోటోలు అసలే వద్దు. ఆదివారం మొదటి పావుగంట దానికి. ఐదుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి చొప్పున కూర్చోవాలి. మిగిలిన డబ్బుతో పిల్లలు అడిగిన కతల పుస్తకాలు తెప్పిద్దాం. దీపావళి దాకా చూద్దాం, పనికిరాదని తేలితే ఆ వక్తనే పిలవండి, మండపానికి నేనూ చందా ఇస్తా.

ఐదుగురికి నేను కూర్చుంటాను. ఇంకెవరు వస్తారో కింద పేరు రాయండి.