ప్రకటన తప్పు కాదు, దాన్ని దాచడమే మోసం

కొన్ని వారాల క్రితం ఒక ప్రచార సంస్థ నుండి నాకు ఉత్తరం వచ్చింది. ఒక విద్యుత్ ప్రాజెక్టు వల్ల ఆ ప్రాంత ప్రజలకు ఒనగూడనున్న మేలు గురించిన వ్యాసం వారి వద్ద సిద్ధంగా ఉందట. దానిని నా పేరుతో, నా రాతల మధ్య ప్రచురిస్తే పదిహేను వేల రూపాయలు ఇస్తారట. పైన ‘ఇది ప్రకటన’ అని రాసి వేస్తాను, అభ్యంతరమా అని అడిగాను. అలాగైతే రెండు వేలకు మించి ఇవ్వలేమని జవాబు వచ్చింది.

ఈ బేరాన్ని పాఠకులు జాగ్రత్తగా గమనించాలి. వ్యాసం అదే, చోటూ అదే. ఒక్క అక్షరం కూడా మారలేదు. మరి రెండు ధరల మధ్య తేడాగా ఉన్న పదమూడు వేలు దేనికి? మీకు తెలియకుండా ఉంచినందుకు! అంటే ప్రకటన ఖరీదు రెండు వేలు. మిగిలిన పదమూడు వేలు మీ నమ్మకానికి వారు కట్టిన వెల. ఆ నమ్మకం మీరు నా వద్ద ఉంచినది. నాది కాని దానిని అమ్ముకునే హక్కు నాకు ఎక్కడిది?

ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి వేళల్లో రాజకీయాలపై రాసే నాబోటి వాళ్ళకి డబ్బు అవసరం లేదని కాదు. పుస్తకాలు కొనాలి, పత్రికలకు చందాలు కట్టాలి, ఇంటర్నెట్ ఖర్చులు భరించాలి. అందుకు ప్రకటనలు తీసుకోవడం తప్పా? తప్పేనని కొందరు మిత్రుల వాదన. వారు గాంధీని ఉదాహరణగా చూపుతారు. ‘యంగ్ ఇండియా’, ‘నవజీవన్’ పత్రికలలో ప్రకటనలు వేయడానికి ఆయన మొదటి నుండీ వ్యతిరేకి. అయినా ఒక దశలో ఆ రెండింటి ప్రతులు కలిపి నలభై వేలకు దగ్గరగా అమ్ముడయ్యాయని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. అది గౌరవించదగిన మార్గమే. కానీ అందరికీ గాంధీకి ఉన్నంత మంది పాఠకులు ఉండరు.

తెలుగువారికి మరో ఉదాహరణ ఉంది. 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో అదే నగరం నుండి ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసు నుండి దానిని దినపత్రిక చేశారు. తలనొప్పి మందు మీద వచ్చిన లాభం జాతీయోద్యమ పత్రికకు ఆసరా అయింది. ఇందులో దాపరికం ఏముంది? పత్రిక యజమాని ఎవరో, ఆయన వ్యాపారం ఏమిటో పాఠకులకు తెలుసు. డబ్బు ఎక్కడి నుండి వస్తున్నదో తెలిసిన పాఠకుడు, రాతను ఎంతవరకు నమ్మాలో తానే నిర్ణయించుకుంటాడు. కాబట్టి ప్రకటన దానికదే పాపం కాదు. ఆ నిర్ణయాధికారాన్ని పాఠకుడి చేతిలో నుండి లాక్కోవడమే పాపం.

దేశంలోని పెద్ద పత్రికలు సరిగ్గా ఆ పనే చేశాయి. 2009 ఎన్నికలలో వెల్లువెత్తిన చెల్లింపు వార్తలపై విచారణకు ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘాన్ని నియమించింది. వారు పరంజయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస రెడ్డి. వారు పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ ఏం చేసింది? 2010 జులైలో పేర్లు తీసేసి కుదించిన నివేదికతో సరిపెట్టింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక గానీ పూర్తి నివేదిక ప్రజల ముందుకు రాలేదు. ఊరందరి రహస్యాలు బయటపెట్టే పరిశ్రమ తన రహస్యాన్ని మాత్రం ఏడాదికి పైగా పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది!

ఆ ఏడాదే మహారాష్ట్ర శాసనసభ ఎన్నికల వేళ ముఖ్యమంత్రి అశోక్ చవాన్‌ను కీర్తిస్తూ ఒకే వ్యాసం, అక్షరం తేడా లేకుండా, పోటీ పత్రికలలో వేర్వేరు విలేఖరుల పేర్లతో అచ్చయిన సంగతిని పి. సాయినాథ్ ‘ద హిందూ’లో బయటపెట్టారు. చవాన్ తన ఎన్నికల లెక్కల్లో పత్రికా ప్రకటనలకు చూపిన ఖర్చు 5,379 రూపాయలు. చవాన్ ఆరోపణలను తిరస్కరించారు. లెక్కలు సరిగా లేవన్న ఎన్నికల సంఘం ఉత్తర్వును 2014లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. అభ్యర్థి సంగతి అలా ముగిసింది. ఒకే వ్యాసానికి ఇన్ని పేర్లు తగిలించిన పత్రికల సంగతో? కొన్నవారికి కనీసం పదవి పోతుందన్న భయమైనా ఉంది. ఉత్తర ప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్‌ను 2011లో మూడేళ్ళ పాటు అనర్హురాలిని చేశారు. అమ్మినవారిని మందలించడం తప్ప శిక్షించే అధికారం ప్రెస్ కౌన్సిల్‌కు లేనే లేదు.

‘మేము చెప్పే వేస్తున్నాం కదా’ అనేవారూ ఉన్నారు. ఎలా చెబుతున్నారు? బెన్నెట్ కోల్మన్ సంస్థ నగర అనుబంధాలలో డబ్బు తీసుకుని రాసే రాతలకు గుర్తింపుగా, అనుబంధం పేరు కింద చీమ తల అంత అక్షరాలతో ఒక వరుస అచ్చేస్తుంది. భూతద్దం పెట్టి వెతికితే తప్ప కనపడని నిజం చెప్పినట్టా, దాచినట్టా? అదే సంస్థ కంపెనీలకు ప్రకటనలు వేసి డబ్బుకు బదులు వాటాలు తీసుకునే ఒప్పందాలు చేసుకుంది. ఒక కంపెనీలో వాటా ఉన్న పత్రిక ఆ కంపెనీ గురించి రాస్తే, ఆ వాటా సంగతి పాఠకులకు చెప్పాలని సెబీ కలుగజేసుకోవలసి వచ్చింది. ఏ సంపాదకుడైనా తనంతట తాను చెప్పవలసిన మాట అది.

వీటన్నింటి కంటే పెద్ద ప్రకటనదారు మరొకరు ఉన్నారు: ప్రభుత్వం. అది ఇచ్చే డబ్బు ప్రజలదే. కానీ మంజూరు చేసే చేయి పాలకులది. 2019 ఫిబ్రవరిలో ‘గ్రేటర్ కాశ్మీర్’, ‘కాశ్మీర్ రీడర్’ పత్రికలకు కారణం చెప్పకుండా ప్రభుత్వ ప్రకటనలు ఆపేశారు. మార్చి 10న కాశ్మీర్ పత్రికలు మొదటి పేజీని ఖాళీగా వదిలి నిరసన తెలిపాయి. 2024 ఆగస్టులో ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వం తన పథకాలను సామాజిక మాధ్యమాలలో ప్రచారం చేసేవారికి నెలకు ఎనిమిది లక్షల దాకా చెల్లించే విధానాన్ని ఆమోదించింది. అదే విధానంలో ‘దేశ వ్యతిరేక’ రాతలపై చర్యల హెచ్చరికా ఉంది. ఒక చేత్తో డబ్బు సంచి, మరో చేత్తో బెత్తం! రాజకీయాలపై రాసేవాడు ఆ సంచి ముట్టుకున్న రోజున, బెత్తం అవసరం కూడా ఉండదు.

‘పెద్దవాళ్ళ పాపాలు సరే, చిన్నవాడికి ఇవన్నీ ఎందుకు?’ అని అడగవచ్చు. నిజానికి ఈ నియమం చిన్నవాడికే ఎక్కువ అవసరం. పెద్ద పత్రిక పరువు పోయినా భవనాలు, అచ్చు యంత్రాలు, మంత్రులతో పరిచయాలు మిగులుతాయి. ఒంటరిగా రాసేవాడికి పరువు తప్ప పెట్టుబడి లేదు. పైగా మోసం వల్ల నష్టపోయేది వాడొక్కడే కాదు. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు సినిమా నటులతో పాటు యూట్యూబర్లపైనా కేసులు పెట్టారు. కేసుల్లో ఎవరి తప్పెంతో కోర్టులు తేలుస్తాయి. కానీ మనవాడు చెప్పాడు కదా అని నమ్మి జూదంలోకి దిగినవాడి డబ్బు ఎవరు తిరిగిస్తారు? 2018లో కోబ్రాపోస్ట్ విలేఖరి మారువేషంలో వెళ్ళి డబ్బుకు మతతత్వ ప్రచారం చేయమని అడిగినప్పుడు సూటిగా కుదరదన్నవి రెండే పత్రికలని ఆ సంస్థ ప్రకటించింది. అవి బెంగాలీ పత్రిక ‘వర్తమాన్’, త్రిపురకు చెందిన ‘దైనిక్ సంబాద్’. దేశ రాజధానిలోని మహా సంస్థలు కావవి. నిరాకరించడానికి పెద్దతనం అక్కర్లేదని ఆ రెండూ రుజువు చేశాయి.

కనుక నా నియమాలు చెబుతున్నాను. ప్రకటన తీసుకుంటే దాని పైన ‘ప్రకటన’ అని, రాత ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే అంత పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ప్రభుత్వాల నుండి, పార్టీల నుండి, నేను విమర్శించవలసిన కంపెనీల నుండి, జూదం, అప్పుల యాప్‌ల నుండి పైసా తీసుకోను. ఇతరులు రాసినది నా పేరుతో రాదు. ఏడాదికోసారి ఎవరి నుండి ఎంత వచ్చిందో, దేనికి ఎంత ఖర్చయిందో లెక్క చెబుతాను.

ఈ నియమాలతో రాబడి తగ్గుతుంది. ఒక్కోసారి అసలు ఉండకపోవచ్చు. ఆ లోటు నేను భరించగలిగినంత కాలం రాస్తాను, భరించలేని రోజున ఆపేస్తాను. ఆపేశానని మీకు చెప్పే ఆపుతాను. ఆ పదమూడు వేలతో బతికే రాత మాత్రం నాకొద్దు. నేను తప్పినట్టు మీకు ఎప్పుడైనా అనిపిస్తే, దయచేసి నలుగురిలో అడగండి. అడిగే పాఠకుడు లేనిచోట రాసేవాడి నిజాయితీ ఎక్కువ కాలం నిలబడదు.