తెరమీది భోజనశాల

లేని యింటిని ముందు చలనచిత్రమున జూపి, అరువది సంవత్సరముల పిమ్మట దానిని నిజముగా గట్టి, అందు వచ్చినవారికి భోజనము పెట్టుట వింత గదా! అట్టి యింటిని మేము మొరాకో దేశమున కాసాబ్లాంకా నగరమునందు జూచితిమి. ఈ పాఠశాలలో చదువుకొని, నేడు ఓడలపై నుద్యోగము చేయుచున్న మాకు, మా యోడ ఆ రేవున నిలిచిన దినములలో నొక రాత్రి యచట భుజించు నవకాశము కలిగెను. నాడు మాకు దోచిన యభిప్రాయమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

'కాసాబ్లాంకా' యను అమెరికా చలనచిత్రము 1942వ సంవత్సరము నవంబరు నెలలో న్యూయార్కు నగరమున మొదట ప్రదర్శింపబడెను. దర్శకుడు మైకేల్ కర్టిజ్. హంఫ్రీ బోగార్ట్, ఇంగ్రిడ్ బెర్గ్మన్ ముఖ్య పాత్రధారులు. హిట్లరు సేనలకు వెఱచి ఐరోపానుండి పాఱిపోయిన వారు మార్సేల్సు మీదుగా ఆఫ్రికా తీరము జేరి, కాసాబ్లాంకాలో ప్రయాణపత్రములకై వేచియుందురు. అచటినుండి లిస్బనునకును, లిస్బనునుండి అమెరికాకును పోవలెనని వారి యాశ. రిక్ అనువాని పానశాలలో వారందఱును ప్రతి రాత్రియు గూడుదురు. ఇదియే కథకు రంగము. అయితే యీ చిత్రములో నొక్క దృశ్యమైనను మొరాకోలో దీయబడలేదు. ఆ పానశాల కాలిఫోర్నియాలో వార్నర్ బ్రదర్స్ వారి స్టూడియోలో వేసిన యమరిక మాత్రమే.

మొరాకోలో అమెరికా ప్రభుత్వ వాణిజ్యోద్యోగినిగా బనిచేసిన క్యాథీ క్రిగర్ అను నామె, ఈ చిత్రమును మనస్సున నుంచుకొని, పాతపట్టణపు గోడ ప్రక్కనున్న యొక ప్రాత భవనమును బాగుచేయించి, 2004వ సంవత్సరమున 'రిక్స్ కఫే' అను పేర భోజనశాలను దెఱచెను. ఆమె 2018లో మరణించెను. తెల్లని గోడలు, వంపు తీరిన ద్వారములు, ఇత్తడి దీపములు, కుండీలలో ఖర్జూరపు మొక్కలు, ఒక ప్రక్క పియానో, ఇవన్నియు చిత్రమును జ్ఞప్తికి దెచ్చునట్లు అమర్పబడియున్నవి. మేము సముద్రపుచేపను దెప్పించుకొని భుజించుచుండగా, పియానో వాయించువాడు చిత్రములోని ప్రసిద్ధమైన పాటను మొదలిడెను. వెంటనే మాటలన్నియు నిలిచిపోయెను. మా ప్రక్క బల్లయొద్ద గూర్చున్న యతిథి యొకడు, "ఆ చిత్రమును దీసినది యీ గదిలోనే గదా!" యని మమ్ము నడిగెను. కాదని చెప్పగా నతని ముఖము చిన్నబోయెను.

ఇట్టి స్థలములు వట్టి మోసములని కొందఱందురు. మేమట్లు తలపము. చిత్రమే యొక యనుకరణము. అందు పియానో వాయించువానిగా నటించిన డూలీ విల్సనుకు పియానో వాయించుట రాదు, వాయించినది మఱియొకరు. అంతమాత్రమున జూచువారి కన్నీరు అబద్ధము కాలేదు. మఱియు 2001వ సంవత్సరము సెప్టెంబరు ఘాతుకముల పిమ్మట జాతుల నడుమ ననుమానములు పెరిగిన కాలమున, ఒక అమెరికా స్త్రీ ముస్లిముల దేశమున నిర్భయముగా నిల్లు తెఱచి యందఱను బిలుచుట సామాన్యమైన పని గాదు.

మాకు గలిగిన విచారము వేఱు. దీపమును, ద్వారమును, పాటను మఱల జేయవచ్చును. ఆ దీపముల క్రింద గూర్చున్నవారి భయమును ఎవరును మఱల జేయజాలరు. చిత్రమును నిజము చేసినది ఆ భయమే. జర్మను సేనాధికారిగా నటించిన కాన్రాడ్ వీట్, తన భార్య యూదురాలగుటచే జర్మనీని విడిచిపోయినవాడు. మార్సెల్ దాలియో, మదలెన్ లెబో అనువారు ఫ్రాన్సు నుండి నిజముగా బాఱిపోయి వచ్చినవారు. వారికి ఆ పాత్రలు నటన మాత్రమే కావు. మాబోటి యతిథులము ఇత్తడిదీపమునకు ఛాయాచిత్రము దీసికొని, వీరి మాట దలపకయే లేచి వచ్చుచున్నాము. దోషము భోజనశాలది గాదు, మాది.

ఈ తలంపుతో ఓడకు మఱలి వచ్చుచుండగా మాకు మన వారే జ్ఞప్తికి వచ్చిరి. ఆ చిత్రము వెలువడిన 1942వ సంవత్సరముననే జపానువారి దాడికి రంగూను పడిపోయెను. బర్మానుండి లక్షలకొలది భారతీయులు బయలుదేరిరి. వారిలో విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి పోయి, రేవులలోను బియ్యపు మిల్లులలోను గష్టపడిన తెలుగువా రెందఱో యుండిరి. ఓడలలో జోటు దొరకని పేదలు కొండలు, అడవులు దాటి అస్సాము వైపునకు నడచిరి. ఆకలిచేతను, రోగములచేతను వేలకొలది మంది త్రోవలోనే మరణించిరి. 'కాందిశీకులు' అను మాట ఆనాడు మన యిండ్లలో వినబడుచుండెడిది. వారికై ఎవరు దీపము వెలిగించిరి? ఏ పియానో వాయించిరి?

వారికొక భోజనశాల కట్టుడని మేము కోరుట లేదు. మా కోరిక మిక్కిలి చిన్నది. ఆ నడక నడచినవారు నేడు బహు అరుదు. వారి బిడ్డలును, మనుమలును మన యూళ్లలో గలరు. విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో మీ యింటి పెద్దలను, మీ వీధిలోని వృద్ధులను అడుగుడు. మీ వారెవరైన రంగూనునుండి వచ్చిరా? ఏ త్రోవన వచ్చిరి? ఏమి తెచ్చుకొనిరి? ఎవరిని విడిచి వచ్చిరి? విన్నది విన్నట్లు వ్రాసి, వచ్చు సంవత్సరపు సంచికకు బంపుడు. అమెరికావారు కల్పితమైన యింటిని మఱవకుండ గాపాడుకొన్నారు. నిజముగా నడచినవారిని మనము మఱచుట తగదని మా యభిప్రాయము.