క్రియాపదం మారితే స్థాయి మారదు: ఇంజినీరింగ్ విద్యలో బ్లూమ్ వర్గీకరణ

(జనరల్ స్టడీస్ పేపర్-2, విద్యారంగం. వ్యాసం పేపర్‌కూ పనికొస్తుంది.)

మీలో బీటెక్ చేసినవాళ్లు చాలామందే ఉంటారు. మీ చివరి సెమిస్టర్ ప్రశ్నపత్రం ఒకసారి తీసి చూడండి. ప్రశ్న పక్కన మార్కులు, ఆ పక్కన సీఓ-2, ఆ పక్కన బీఎల్-4 అని చిన్న కాలమ్ కనిపిస్తుంది. బీఎల్ అంటే బ్లూమ్స్ లెవెల్. ఆ అంకెను నమ్మకండి. మన ఇంజినీరింగ్ విద్యలో ఆ కాలమ్ మారినంత వేగంగా మరేదీ మారలేదు, ఆ కాలమ్ మారడం వల్ల మరేదీ మారలేదు. ఈ వ్యాసంలో నా వాదన ఇదే.

ముందు నేపథ్యం.

1956లో బెంజమిన్ బ్లూమ్ సంపాదకత్వంలో అమెరికా విశ్వవిద్యాలయాల పరీక్షాధికారులు కొందరు విద్యా లక్ష్యాల వర్గీకరణను ప్రచురించారు. జ్ఞానం, అవగాహన, అనువర్తనం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం అని ఆరు మెట్లు. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ దాన్ని సవరించి గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అనువర్తించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృష్టించడం అన్నారు. మన దేశంలోకి ఇది అక్రెడిటేషన్ దారిలో వచ్చింది. 2014 జూన్‌లో నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ద్వారా భారత్ వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. ఫలితాల ఆధారిత విద్య తప్పనిసరి మాట అయింది. 2018లో ఏఐసీటీఈ పరీక్షా సంస్కరణల విధానం ప్రకటించి, ప్రశ్నలను బ్లూమ్ మెట్ల ప్రకారం తయారు చేయమంది.

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. బట్టీ పరీక్షలతో ఇంజినీరు తయారు కాడని అందరికీ తెలుసు. తర్వాత కాలేజీల్లో జరిగింది చూడండి. ఫ్యాకల్టీకి క్రియాపదాల జాబితా ఒకటి అందింది. 'నిర్వచించండి' అంటే మొదటి మెట్టు, 'వివరించండి' అంటే రెండు, 'విశ్లేషించండి' అంటే నాలుగు. పాత ప్రశ్నపత్రంలో 'బ్లాస్ట్ ఫర్నేస్ పనిచేసే విధానాన్ని వివరించండి' అని ఉన్నదాన్ని 'విశ్లేషించండి' అని మార్చారు. రెండో మెట్టు నాలుగో మెట్టు అయిపోయింది. విద్యార్థి మాత్రం అదే బొమ్మ గీశాడు, అదే నాలుగు సమీకరణాలు రాశాడు, అవే మార్కులు తెచ్చుకున్నాడు. చొక్కా మార్చినంత మాత్రాన మనిషి మారతాడా?

ఇప్పుడు భిలాయ్ నుంచి ఒక ఉదాహరణ. మన ఊళ్లో ఉక్కు కర్మాగారం ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. రాష్ట్ర సాంకేతిక విశ్వవిద్యాలయం ఈ ఊళ్లోనే, ఐఐటీ కూడా ఈ ఊళ్లోనే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇక్కడి పనికి వచ్చిన మన తెలుగు కుటుంబాల్లో మూడో తరం ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది. మెటలర్జీ, మెకానికల్ విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

ఈ ప్రశ్న చూడండి. 'కోక్‌లో బూడిద రెండు శాతం పెరిగింది. స్లాగ్ పరిమాణం, కోక్ వినియోగం, ఇనుము ఉత్పత్తి ఏమవుతాయి? స్లాగ్ క్షారత్వం నిలబెట్టడానికి మీరేం మారుస్తారు?' ఇందులో 'విశ్లేషించండి' అన్న మాటే లేదు. అయినా విశ్లేషణ చేయనిదే జవాబు రాదు. బూడిదతో వచ్చే సిలికాకు సున్నపురాయి ఎక్కువ కావాలి, దాంతో స్లాగ్ పెరుగుతుంది, దాన్ని కరిగించడానికి వేడి కావాలి, ఆ వేడికి ఇంకా కోక్ కావాలి, ఉత్పత్తి తగ్గుతుంది. ఒక్కో మెట్టు తర్కంతో ఎక్కాలి. కానీ ఇదే ప్రశ్నకు జవాబు పోయినవారం క్లాసులో నోట్స్‌గా చెప్పి రాయించారనుకోండి. అప్పుడిది మొదటి మెట్టు ప్రశ్నే, జ్ఞాపకశక్తి పరీక్షే.

అసలు కీలకం ఇక్కడుంది. ప్రశ్న స్థాయిని క్రియాపదం తేల్చదు. ఆ విద్యార్థి అంతకుముందు ఏం చదివాడు, ఏం చూశాడు అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, 1956 నాటి పుస్తకమే ఈ జాగ్రత్త చెప్పింది. మనం పుస్తకాన్ని వదిలేసి జాబితాను పట్టుకున్నాం.

ఇదంతా పరీక్షల గొడవే కదా అనుకోవద్దు. 2014 జూన్ 12న భిలాయ్ కర్మాగారంలో గ్యాస్ లీకై ఆరుగురు చనిపోయారు. వారిలో సీనియర్ అధికారులూ ఉన్నారు. పంప్‌హౌస్‌లో లోపం వల్ల నీటి ఒత్తిడి పడిపోయి, గ్యాస్ శుద్ధి చేసే నీటి లైన్లోంచి బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ వెనక్కి వచ్చిందని అప్పటి వార్తలు చెప్పాయి. ఆ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. ఆ ప్రమాదానికి పరీక్షల పద్ధతే కారణమని నేను అనడం లేదు. 'నీటి పంపు ఆగితే గ్యాస్ ఎక్కడికి పోతుంది?' అని డ్రాయింగ్ ముందు నిలబడి అడగగలగడమే నిజమైన నాలుగో మెట్టు అంటున్నాను. ఆ ప్రశ్న ఎన్నడూ ఎదుర్కోని విద్యార్థి సర్టిఫికెట్‌లో విశ్లేషణ సామర్థ్యం సాధించాడని రాస్తే, దాని ఖర్చు ఎవరు భరిస్తారు? షాప్ ఫ్లోర్ మీద పనిచేసే వాళ్లు.

మరి కాలేజీలు ఇలా ఎందుకు చేస్తున్నాయి? అధ్యాపకుల బద్ధకం అనేస్తే తేలిక, కానీ అది అన్యాయం. మూడు కారణాలు చూడండి.

ఒకటి, అనుబంధ వ్యవస్థ. పాఠం చెప్పేది ఒకరు, పేపర్ సెట్ చేసేది మరొకరు, దిద్దేది ఇంకొకరు. విద్యార్థి అంతకుముందు ఏం చూశాడో పేపర్ సెట్ చేసేవారికి తెలియదు. తెలియనప్పుడు బీఎల్-4 అని వేసే అంకె ఊహే.

రెండు, లెక్కల మోజు. ఇంతమంది విద్యార్థులు ఇన్ని మార్కులు దాటితే 'సాధన స్థాయి 3' అంటారు. కోర్సు ఫలితాలకూ ప్రోగ్రాం ఫలితాలకూ ఎక్సెల్ షీట్‌లో సగటు తీస్తారు. షీట్‌లోకి వెళ్లే ప్రశ్నే బట్టీ ప్రశ్న అయితే, దశాంశ స్థానాలెన్ని ఉన్నా బయటికొచ్చేది బట్టీ సగటే.

మూడు, సమయం. కొత్త సమస్య తయారు చేయడానికి, దానికి రకరకాలుగా వచ్చే జవాబులు ఓపికగా దిద్దడానికి అధ్యాపకుడికి గంటలు కావాలి. ఆ గంటలను కోర్స్ ఫైళ్లే తినేస్తున్నాయి.

'ఆ కాలమ్ కూడా లేకపోతే మళ్లీ అన్నీ నిర్వచనాలే అడుగుతారు, ఉన్నదాన్ని ఎందుకు తిట్టడం?' అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వర్గీకరణను తీసేయమని నేను అనడం లేదు. పాఠం ప్లాన్ చేసుకునే అధ్యాపకుడి చేతిలో అది మంచి పనిముట్టు. తనిఖీ బృందానికి చూపించే ముద్రగా మారినప్పుడే చేటు. ముద్ర ఉంటే పని జరిగిందని అందరూ నమ్ముతారు, ఇక అడిగేవాడుండడు. 2018 విధానమే మూడు గంటల రాతపరీక్షతో పై స్థాయి సామర్థ్యాలన్నీ కొలవలేమని చెప్పి ఓపెన్ బుక్ పరీక్షలు, ప్రాజెక్టుల వంటి దారులు చూపింది. కాలేజీలు ఎక్కువగా పట్టుకున్నది మాత్రం కాలమ్‌నే, ఎందుకంటే అదే చవక.

మనం రాసే మెయిన్స్‌నే పోల్చి చూడండి. యూపీఎస్సీ పేపర్లో బీఎల్ కాలమ్ ఉండదు. 'విమర్శనాత్మకంగా పరిశీలించండి' అన్న మాటకు అక్కడ బరువుంది, ఎందుకంటే ఆ ప్రశ్న అదే రూపంలో ఏ నోట్స్‌లోనూ దొరకదు.

ముందుకు దారి:

1. ప్రతి పేపర్లో కనీసం ఒక ప్రశ్న తరగతిలో గానీ, పాత పేపర్లలో గానీ రానిదై ఉండాలి. దానికి పుస్తకం తెరిచి రాయనివ్వాలి.
2. పాఠం చెప్పినవారికే ఇంటర్నల్ మార్కుల్లో ఎక్కువ వాటా, దానిపై బయటి సమీక్ష ఉండాలి.
3. అక్రెడిటేషన్ బృందం ఎక్సెల్ షీట్ పక్కన పెట్టి పది జవాబు పత్రాలు చదవాలి. పదిమందీ ఒకే బొమ్మ, ఒకే వాక్యాలు రాసి ఉంటే బీఎల్-4 కొట్టేయాలి.
4. భిలాయ్ వంటి ఊళ్లలో కర్మాగారం నుంచే సమస్యలు రావాలి. రిటైరైన ఇంజినీర్లు ప్రతి సెక్టార్‌లో ఉన్నారు, పిలిస్తే వస్తారు.

సాధన ప్రశ్న: 'ఫలితాల ఆధారిత విద్య భారత ఇంజినీరింగ్ కళాశాలల్లో బోధన కంటే పత్రాలనే ఎక్కువగా మార్చింది.' విమర్శనాత్మకంగా పరిశీలించండి. (250 పదాలు)

రాసేటప్పుడు ఈ వ్యాసాన్ని అప్పజెప్పకండి. నా వాదన ఎక్కడ బలహీనంగా ఉందో పట్టుకుని అక్కడ మొదలుపెట్టండి. అలా రాస్తే అది ఏ మెట్టో మీకు ఎవరూ అంకె వేసి చెప్పనక్కర్లేదు.