తెలుగు మున్షీ వాటా

చైనా తాయ్ చీ గురువు చెంగ్ మన్‌చింగ్ 1964లో న్యూయార్క్ చేరి పడమటివాళ్లకు ఆ విద్య నేర్పాడు. మనవైపు కథ ఎదురు నడిచింది. విరుదునగర్ జిల్లా తిరుచ్చుళిలో 1879లో పుట్టిన రమణ మహర్షి అరుణాచలం చేరాక కదల్లేదు. పడమటివాళ్లే వెతుక్కుంటూ వచ్చారు. ఆ ఘనతంతా రమణుల గురించి ఇంగ్లిషు రచయిత పాల్ బ్రంటన్ రాసిన 1934 నాటి పుస్తకానిదేనని కోవిల్‌పట్టి తెలుగు ఇళ్లలోనూ అంటే మాత్రం నేనొప్పుకోను. 1911లో వేలూరుకు కొలువుకొచ్చిన కుర్ర పోలీసు అధికారి హంఫ్రీస్‌కు తెలుగు చెప్పడానికి నరసింహయ్య అనే మున్షీ కుదిరాడు. దొరగారు అక్షరాలు పక్కనపెట్టి ముందు జ్యోతిషం పుస్తకాలడిగాడు, ఆపైన ఇక్కడ మహాత్ములెవరైనా ఉన్నారా అన్నాడు! మున్షీ ఆయన్ను తన గురువు కావ్యకంఠ గణపతిముని దగ్గరికి, అక్కణ్ణుంచి రమణుల దగ్గరికి తీసుకెళ్లాడు. హంఫ్రీస్ ఉత్తరాలు బ్రంటన్ కంటే 20 ఏళ్ల ముందే ఇంగ్లండులో అచ్చయ్యాయి.