తాగేకి నిలిచినాడా, తాగేది నిలిపినాడా?

బండి ఆత్మకూరు నుంచి ఓ రైతు అడిగిన ప్రశ్న ఇది. పెద్దమ్మాయి నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటోంది. లెక్కల్లో ఢోకా లేదట. ఇంగ్లీషులో మాత్రం 'టు' పెట్టాలా, 'ఇంగ్' పెట్టాలా అన్నచోట బోల్తా పడుతోందట. 'నాకు ఇంగ్లీషు రాదు, నేనేమన్నా సాయం చేయగలనా?' అన్నారాయన.

చేయగలరు. ఐబీపీఎస్ క్లర్కు ప్రిలిమ్స్‌లో 100 మార్కులకు 30 ఇంగ్లీషువే. తప్పు జవాబుకు పావు మార్కు కోత. కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

అసలు చిక్కు ఎక్కడొచ్చింది? చాలా గైడ్లలో 'రీడింగ్' అంటే చదవడం, 'టు రీడ్' అన్నా చదవడమే. రెండూ ఒకటే అనుకున్న పిల్లలు, ఏ క్రియ తర్వాత ఏది వస్తుందో జాబితాలు బట్టీ పడతారు. పరీక్ష హాల్లో అవి గుర్తుకు రావు.

సీమ ఇళ్లలో మాట్లాడే తెలుగులో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. చదివేకి, చదివేది. చూడండి:

'బీడీ తాగేది నిలిపినాడు' అంటే అలవాటు మానేశాడు. ఇంగ్లీషులో 'హి స్టాప్డ్ స్మోకింగ్'. 'బీడీ తాగేకి నిలిచినాడు' అంటే నడుస్తున్నవాడు కాస్త ఆగి ముట్టించాడు. 'హి స్టాప్డ్ టు స్మోక్'. రెండక్షరాల తేడాతో మనిషి ఆరోగ్యమే మారిపోయింది!

'ఏది' వస్తే పనికి పేరు పెట్టినట్టు. అక్కడ 'ఇంగ్'. 'ఏకి' గానీ, 'ఆలని' గానీ వస్తే పని ఇంకా ముందుంది. అక్కడ 'టు'. 'పోవాలని ఉంది' అంటే 'ఐ వాంట్ టు గో'. 'డాక్టరును చూసేకి వచ్చినా' అంటే 'ఐ కేమ్ టు సీ ది డాక్టర్'. ఇక్కడే మనవాళ్లు 'ఫర్ సీయింగ్' అనేస్తుంటారు. అది తప్పు.

ఈ 'ఏకి'ని మోటు మాట అని బడిలో దిద్దేవాళ్లు ఉన్నారు. పిల్లలు కూడా పట్నం బస్సెక్కగానే దాన్ని ఇంట్లో వదిలేస్తారు. పనికొచ్చే మాటను పారేసుకోవడమే అది.

అలాగని అన్నిచోట్లా ఈ కొలత సరిపోదు. 'తాళం వేసేది మర్చిపోయినా' అంటాం, కానీ ఇంగ్లీషులో 'ఐ ఫర్‌గాట్ టు లాక్'. మరిచిపోవడం, గుర్తుండడం దగ్గర వేరే ప్రశ్న వేసుకోవాలి: పని జరిగిపోయిందా, జరగాల్సి ఉందా? వేసినట్టు గుర్తుంటే 'ఐ రిమెంబర్ లాకింగ్'. వేయాలని గుర్తుపెట్టుకోమంటే 'రిమెంబర్ టు లాక్'. 'ఈత కొట్టేది నేర్చుకున్నాడు' కూడా అంతే. అక్కడ 'లర్న్డ్ టు స్విమ్' అనడమే మేలు. 'సజెస్ట్' మరీ మొండిది. జరగబోయే పని గురించే అయినా 'ఇంగ్' కావాలంటుంది.

అన్నిటికంటే ఎక్కువమందిని పడగొట్టేది 'లుకింగ్ ఫార్వర్డ్ టు'. 'టు' కనబడగానే 'సీ' అని రాసేస్తారు. ఆ 'టు' తర్వాత ఒక వస్తువు పేరో, పండగ పేరో పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు ది ఫెస్టివల్' కుదిరింది కదా. అలా కుదిరితే అక్కడ 'సీయింగ్' రావాలి. 'వాంట్ టు ది ఫెస్టివల్' అంటే కుదరదు, కాబట్టి అక్కడ 'సీ' చాలు.

ఇక ఆ తండ్రి చేయాల్సిన పని. రాత్రి అన్నాలు తినేటప్పుడు రోజుకు మూడు మాటలు తన తెలుగులో అనాలి, అమ్మాయి ఇంగ్లీషులో చెప్పాలి. ఈ రోజుకు ఇవి: 'ఎరువు కొనేకి నంద్యాలకు పోయినా.' 'సెల్లు చూసేది ఆపు.' 'ఓంకారం పోవాలని అనుకున్నాం.' జవాబుల్లో వరుసగా 'టు బై', 'స్టాప్ లుకింగ్', 'డిసైడెడ్ టు గో' వినబడాలి. రెండోది చెప్పేటప్పుడు అమ్మాయి చేతిలో సెల్లు ఉంటే, తెలుగులోనే ఇంకోసారి అనొచ్చు.